సున్నాకి దిగువన మంగ్లు తాత

మంగ్లు తాతకి ఉన్న జబ్బు ఒకటే. ఆయన పాసవడు. జీలుగుపుట్టు చర్చి సండే స్కూల్లో శిశు తరగతి అని ఒకటుంది. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉన్న పిల్లల కోసం పెట్టిన తరగతి అది. అందులో డెబ్బై ఒక్కేళ్ల మంగ్లు తాత పదకొండేళ్లుగా చదువుతున్నాడు. ఆయనతో పాటు చాప మీద కూర్చున్న పిల్లలు పై తరగతులకి పోయారు, మీసాలు పెంచారు, ఒకడైతే పోలీసు ఉద్యోగానికి పరుగు పందెం కూడా నెగ్గాడు. తాత మాత్రం ఏటేటా పరీక్ష రాస్తాడు, తరగతికంతటికీ కడపటివాడిగా వస్తాడు, మళ్లీ వచ్చి అదే చాప మీద కూర్చుంటాడు.

ఈ జబ్బు ఆయనది గానీ బాధ కృపావతిది. ఆమె వారానికి ఆరు రోజులు అంగన్‌వాడీ టీచరు, ఏడో రోజు సండే స్కూలు టీచరు. రెండు చోట్లా పిల్లలు వాళ్లే, గుడ్డు మాత్రం ఒకచోటే. పైగా మంగ్లు తాత ఆమెకి స్వయానా మావగారి అన్న. ఇంటి దగ్గర ఆయన ఎదురుపడితే ఆమె లేచి నిలబడాలి. తరగతిలో ఆయనే లేచి నిలబడి, చిటికెన వేలు చూపించి, "టీచర్, ఒంటికి" అని అడుగుతాడు. ఇలాంటి శిష్యుణ్ణి ఎలా కోప్పడాలో ఆమె తీసుకున్న ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఇదంతా పాస్టరు రవిబాబు గారి ప్రసంగంతో మొదలైంది. ప్రభువు ఒక పిల్లవాణ్ణి మధ్యలో నిలబెట్టి, మీరు వీడిలా మారితే తప్ప నా రాజ్యంలో చోటు లేదన్నాడని ఆ రోజు ఆయన యాభై నిమిషాలు చెప్పారు. సంఘమంతా ఆమెన్ అని, చెప్పులు వెతుక్కుని, భోజనాలకి వెళ్లిపోయింది. అప్పటికి మంగ్లు తాత ఇరవై ఏళ్లుగా సంఘ పెద్ద. ప్రసంగ వేదిక పక్కన మెత్త కుట్టించిన కుర్చీ ఆ ఊళ్లో ఆయనకొక్కడికే ఉండేది. మరుసటి ఆదివారం ఆయన ఆ కుర్చీని తానే మోసుకెళ్లి వరండాలో పెట్టేసి, వచ్చి పిల్లల చాప మీద కూర్చున్నాడు. కాళ్లు నొప్పులేమో అనుకున్నారు పాస్టరుగారు. విషయం ఏమిటని అడిగితే, "నువ్వే కదా బాబూ సెప్పినావు" అన్నాడు తాత. పాస్టరుగారు కంగారుపడ్డారు. పద్నాలుగేళ్ల సేవలో ఆయన ప్రసంగం విని ఎవరైనా ఏదైనా చేయడం అదే మొదటిసారి. అలాంటప్పుడు ఏం చేయాలో ఆయనకీ తెలియదు.

ఆ మరుసటేడు కృపావతి ఆయనకి నచ్చజెప్పబోయింది. కాస్త శ్రద్ధగా చదివితే పై తరగతికి వెళ్లిపోవచ్చు మావయ్యా అంది.

"నాను పైకెల్దానికి రానేదు టీచర్," అన్నాడు తాత. "దిగుదానికి వచ్చినాను. ఇంకా సానా దిగాల."

దిగే పనిలో ఆయన నేర్చిన మొదటి పాఠం దెబ్బలాట. ఒక ఆదివారం ఆకుపచ్చ రంగు పెన్సిలు దగ్గర ఆయనకీ ఐదేళ్ల రత్నకీ తగువొచ్చింది. రత్న ఆయన చెయ్యి కొరికింది. రెండు పాటలయ్యేసరికి అదే రత్న ఆయన ఒళ్లో కూర్చుని, తను కొరికిన జామకాయలో సగం ఆయన నోట్లో పెడుతోంది. చెయ్యి కొరికిన సంగతి దానికి గుర్తే లేదు. తాత పళ్ల గాట్లు చూసుకుంటూ కాసేపు కూర్చుని, అక్కణ్ణించి తిన్నగా పోలయ్య ఇంటికి వెళ్లాడు. గట్టు మీది పనసచెట్టు ఎవరిదన్న తగువుతో వాళ్లిద్దరికీ పదహారేళ్లుగా మాటల్లేవు. ఒకే చర్చిలో ఒకే పాటని చెరో గోడవైపూ తిరిగి పాడేవారు. మనం దేనికి దెబ్బలాడుకున్నాం అని తాత అడిగితే, పోలయ్య తారీకులతో సహా చెప్పాడు, సాక్షుల పేర్లు కూడా చెప్పాడు. తాత అంతా శ్రద్ధగా విన్నాడు.

"నాకయ్యన్నీ గురుతు నేవు పోలయ్యా. నువ్వు గురుతెట్టుకో. నాను మాటాడతాను."

అవతలివాడు మాట్లాడుతూనే ఉంటే ఒక్కడే ఎన్నాళ్లని కోపంగా ఉంటాడు? మూడో వారానికల్లా పోలయ్యే పనసకాయ నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

రెండో పాఠం ప్రార్థన. రవిబాబు గారి ప్రార్థన సృష్టి ఆరంభంలో బయల్దేరి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల మీదుగా, కాఫీ గింజల ధర దాకా వచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోయేది. తాత పిల్లల పద్ధతి పట్టాడు. ఎవరైనా ప్రార్థన చేయమంటే లేచి, "నాయినా, నాను మంగ్లుని. మోకాలు నొప్పెడతంది. పోలయ్య ఆవు సుకంగా ఈనాల. ఉంటాను" అని కూర్చునేవాడు. సంఘ కార్యదర్శి వరహాలరావు దీనికి అభ్యంతరం చెప్పాడు. ఇది ప్రార్థన కాదు, ఫోన్లో మాట్లాడ్డం అన్నాడు. తాత ఒప్పుకోలేదు. జీలుగుపుట్టులో ఫోనుకి సిగ్నలు రాదు, ఇది మాత్రం వెళుతుంది, కాబట్టి రెండూ ఒకటి కావన్నాడు. వరహాలరావు దానికి జవాబు మినిట్స్ పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయాడు.

ఇక నమ్మకం సంగతి. అరకు సంతకి వెళ్లే జీపులో లోపల పదిహేనుమంది, పైన ఏడుగురు, వెనకాల వేలాడేవాళ్లు లెక్కలో లేరు. లోయ పక్క మలుపుల్లో పెద్దవాళ్లంతా కమ్మీలు పట్టుకుని, తెలిసిన దేవుళ్లందర్నీ, తెలియని దేవుళ్లలో కొందర్నీ తలుచుకునేవారు. మంగ్లు తాత మాత్రం పక్కనున్నవాడి భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టేవాడు. ఒకసారి ఆ భుజం ఒక ఇంజనీరు గారిది. చొక్కా తుడుచుకుంటూ ఆయన, డ్రైవరు మీద మీకంత నమ్మకమా అని అడిగాడు. డ్రైవరెవరో తనకి తెలియదన్నాడు తాత. తల్లుల ఒళ్లో పిల్లలు నిద్రపోతున్నారు కాబట్టి తనూ నిద్రపోయాడట.

ఇంతవరకూ బాగానే ఉంది. గొడవంతా షీల్డు దగ్గర వచ్చింది.

కొండమీది ఇరవై నాలుగు సంఘాలకీ కలిపి ఒక సండే స్కూలు సమితి ఉంది. సగటు మార్కులు ఎక్కువొచ్చిన స్కూలుకి ఆ సమితి ఏటా ఒక షీల్డు ఇస్తుంది. చెక్క మీద ఇత్తడి రేకు, దాని మీద ఎగిరే పావురం. చూసినవాళ్లు కోడి అంటారు. తొమ్మిదేళ్లుగా అది మెట్టగుడలో సర్వేశ్వరరావు మేష్టారింట్లో టీవీ మీదే ఉంది. ఎలాగూ తనకే వస్తుంది కదా అని ఆయన దాన్ని సభకి తీసుకురావడం కూడా మానేశాడు. కృపావతికి ఆ షీల్డు మీద ప్రాణం. తన దగ్గర చదివే పిల్లలు ఎవరికీ తీసిపోరని నలుగురిలో ఒక్కసారి రుజువైతే చాలనుకునేది. ఏటేటా ఆమె లెక్క సరిగ్గా మంగ్లు తాత మార్కుల దగ్గరే గోతిలో పడేది.

సమితికి ఇంకో ఆచారం కూడా ఉంది. కడపటివారు మొదటివారవుతారన్న మాటని పెద్దలు బాగా ఆలోచించి, ఒక్కో స్కూలు ఫలితాలు చదివేటప్పుడు తరగతిలో కడపటి పేరు మొదట చదవాలని తీర్మానించారు. ఆ పేరుగలవాళ్లు వేదిక మీద బల్లెక్కి నిలబడాలి. సభ నవ్వుతుంది. దీన్ని ప్రోత్సాహం అంటారు. జీలుగుపుట్టు శిశు తరగతిలో పదకొండేళ్లుగా ఆ బల్లెక్కింది మంగ్లు తాతే. ఎక్కి, నెగ్గినవాడిలా రెండు చేతులూ పైకెత్తేవాడు. సభ పొట్టలు పట్టుకుని నవ్వేది. ఆ నవ్వులో రెండో పేరు ఎవరిదో ఎవరికీ వినపడేది కాదు.

ఈ ఏడు సమితి కొత్త పాఠం పెట్టింది. పేరు 'శిశువుల సద్గుణములు'. పిల్లల్ని చూసి పెద్దలు నేర్చుకోవలసిన గుణాలు ఐదు: తగ్గింపు, నమ్మిక, క్షమ, నిశ్చింత, నిష్కాపట్యము. వీటిని నాలుగేళ్ల పిల్లలు బట్టీ పట్టాలి. నిష్కాపట్యము దగ్గర ముగ్గురికి జ్వరమొచ్చింది. అంటే ఏమిటని రత్న తమ్ముడు అడిగితే, అది మీ దగ్గర ఉండేదే అని చెప్పింది కృపావతి. వాడు నిక్కరు జేబులు రెండూ తిరగేసి చూసుకుని, తన దగ్గర లేదని ఏడ్చాడు.

పిల్లలంతా ఎలాగోలా కిందామీదా పడి నేర్చారు, ఒక్క సోని తప్ప. సోనికి ఆరేళ్లు. పైనున్న గూడెం నుంచి దిగి వస్తుంది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఆదివాసీ ఒడియా, తెలుగు దానికి వచ్చి ఏడాదైనా కాలేదు. కొండ చివరనున్న మేకని ఒక్క కూతతో కిందికి దింపగలదు గానీ, కాగితం మీద తన పేరు దాటి రాయలేదు.

కృపావతి మళ్లీ లెక్క వేసింది. సోని సున్నా తెచ్చుకున్నా ఫర్వాలేదు, తాత పేరు తీసేస్తే షీల్డు జీలుగుపుట్టుదే. సంఘం కూర్చుని, పెద్దలకి విశ్రాంతి అవసరమని గౌరవంగా తీర్మానించి, తాత పేరు కొట్టేసింది. ఆ మాట చెప్పడానికి కృపావతి వెళ్లినప్పుడు ఆయన కాఫీ పళ్లు ఎండబోస్తున్నాడు.

"సోని రాత్తాదా పరీచ్చ?" అని ఒక్కటే అడిగాడు.

రాస్తుందంది. ఆయన మళ్లీ పళ్లు ఎండకి నెరపడంలో పడ్డాడు. ఆయన పేచీ పెడితే బాగుండేదనిపించింది కృపావతికి.

పరీక్షకి ముందురోజు పొద్దున, ప్రయాణంలో పిల్లలకి మరమరాలు పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు కావలసి ఆమె చర్చిలోని ట్రంకుపెట్టె తెరిచింది. పదకొండేళ్ల జవాబు కాగితాలు అందులో ఉన్నాయి. మంగ్లు తాతవి వేరే కట్ట. ఒక కాగితం పొట్లంలా చుడుతుంటే కిటికీ ఎండ దాని మీద పడి, తెల్లటి చోట అక్షరాలు కనిపించాయి. తాత పెన్సిలు పట్టుకుంటే నాగలి పట్టినట్టే, కాగితం మీద చాలు పడుతుంది. రబ్బరుతో చెరిపినా ఆ గాడి పోలేదు. మొదటి ప్రశ్నకి జవాబు సరిగ్గా రాసి చెరిపాడు. రెండోదీ అంతే. ఆమె ఇంకో కాగితం ఎండలో పెట్టింది, మరొకటి పెట్టింది. పదకొండేళ్లూ అన్ని ప్రశ్నలకీ అన్ని జవాబులూ వచ్చు ఆయనకి.

తరగతి లీడరని ఊళ్లో జరిగే పరీక్షలో పిల్లల కాగితాలు పోగు చేసే పని ఆమే ఆయనకి ఇచ్చింది. అందరివీ పోగు చేశాకే తనది ఇచ్చేవాడు. అప్పటిదాకా రబ్బరుతో రుద్దుతూనే ఉండేవాడు. రాక రుద్దుతున్నాడనుకునేదామె. ఇప్పుడు పాత మార్కుల పట్టీ తీసి చూసింది. అందరికన్నా తక్కువ వచ్చిన పిల్లకి నాలుగైతే తాతకి మూడు. పిల్లాడికి రెండైతే తాతకి ఒకటి. పదకొండేళ్ల కిందటి మొదటి పట్టీలో తాతకి ఐదు. ఆ పైన ఆరు మార్కుల దగ్గర ఉన్న పేరు చిన్నమ్మలు. ఇప్పుడు విశాఖలో నర్సింగు చదువుతున్న తన కూతురు.

కృపావతి ఆ ట్రంకుపెట్టె పక్కనే చతికిలబడింది. ఆమెకి సిగ్గేసింది. కూతురు ఆ రోజు బల్లెక్కలేదని, తన శిక్షణ గొప్పదని ఊరంతా చెప్పుకుంది తను. కళ్లు తుడుచుకుని లేచి, మరమరాలు అరిటాకుల్లో కట్టి, తాత ఇంటికి వెళ్లింది.

"మావయ్యా, రేపు బేగి తెమిలీ. జీపు ఆరింటికే."

"పేరు కొట్టీసినారు కదేటి?"

"మల్లీ రాసీసినాను."

సంఘానికైతే, అచ్చుతప్పు సరిదిద్దానని చెప్పింది.

అయితే ఈ ఏడు పరీక్ష ఊళ్లో కాదు. ఊళ్లలో పెట్టే పరీక్షల మీద నమ్మకం తక్కువై, సమితి వారు అందర్నీ అరకులో ఒక హాల్లో కూర్చోబెట్టారు. పార్వతీపురం నుంచి దేవీప్రసాద్ అనే ఆయన్ని పరీక్షాధికారిగా రప్పించారు. మెత్తని మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. కాగితాలు తానే తీసుకుంటానన్నారు. నియమాలు గట్టిగా చదివి వినిపించారు: కాపీ కొట్టినవారి పేరు సున్నా వచ్చినవారికి కూడా దిగువన రాస్తారు, వారి స్కూలుని షీల్డు పోటీ నుంచి తీసేస్తారు. నిష్కాపట్యము మీద పరీక్షలో కాపీ ఏమిటని సర్వేశ్వరరావు మేష్టారు నవ్వాడు.

కృపావతి గోడవార నిలబడి చూస్తోంది. సోని తన పేరు రాసి, చుట్టూ పువ్వులు వేసి, పెన్సిలు కింద పెట్టేసింది. పక్కనే కూర్చున్న మంగ్లు తాత అది చూశాడు. పిల్లకి సున్నా. దాని కిందకి ఎలా దిగాలి? తనూ తెల్లకాగితం ఇస్తే ఇద్దరినీ కలిపి బల్లెక్కిస్తారు. తాత తల గోక్కున్నాడు, పైకి చూశాడు, పెదాలు కదిపాడు. ఆ ప్రార్థన మూడు మాటలకి మించి ఉండదని కృపావతికి తెలుసు. తర్వాత ఆయన మెడ బారెడు సాచి, సోని కాగితంలోకి చూస్తూ కాపీ కొట్టడం మొదలుపెట్టాడు.

దేవీప్రసాద్ గారు చూశారు. చూసి, పెద్దాయన కదా అని తల తిప్పుకున్నారు. తాత దగ్గాడు, చాప మీద జరిగాడు, గడ్డం తీసుకెళ్లి సోని కాగితం మీద పెట్టాడు. దేవీప్రసాద్ గారు కిటికీ దగ్గరికి వెళ్లి కొండల్ని చూస్తూ నిలబడ్డారు. కొండజాతి పెద్దల్ని గౌరవించాలని ఆయన గట్టిగా అనుకుని వచ్చారు. సోని మాత్రం గౌరవించలేదు. తాత చూస్తున్నాడని కనిపెట్టగానే చటుక్కున మోచెయ్యి అడ్డం పెట్టి, ఫస్టు ర్యాంకు పిల్లలు దాచుకున్నట్టు తెల్లకాగితాన్ని దాచేసింది.

తాత దిక్కుతోచక కృపావతి వైపు చూశాడు.

ఆమె లెక్క వేసుకునే ఉంది. ఇక దిగే దారి లేక తాత రెండు జవాబులు రాసినా చాలు, షీల్డు జీలుగుపుట్టుదే. తొమ్మిదేళ్ల కల. నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ అన్యాయం చేసినట్టు కూడా ఉండదు. ఆమె కాళ్లు రెండు అడుగులు వెనక్కి వేసి, మూడోది ముందుకు వేశాయి.

"సార్, మా మావయ్య కాపీ కొడతన్నాడు."

దేవీప్రసాద్ గారు వచ్చి చూసి ఇబ్బంది పడ్డారు. ఈ పాప కాగితంలో ఏమీ లేదమ్మా అన్నారు.

"అవును సార్. ఈయన కాయితంలోనూ ఏటీ నేదు. రెండూ అచ్చం ఒక్కలాగున్నాయి. ఇంతకన్నా రుజువేటి కావాల?"

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు పరిశీలించారు. ఒక్క తేడా కూడా దొరకలేదు. పువ్వులు లెక్కలోకి రావని ఆయనే నిర్ణయించి, తాత కాగితం మీద ఎర్ర సిరాతో గీత కొట్టారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫలితాలు చదివారు. జీలుగుపుట్టు శిశు తరగతిలో మొదటి పేరు, మంగ్లు, కాపీ. డెబ్బై ఒక్కేళ్ల మనిషి శిశు తరగతి పరీక్షలో కాపీ కొట్టి పట్టుబడ్డాడని తెలిసేసరికి హాలు దద్దరిల్లింది. ఇద్దరు పట్టుకుని బల్లెక్కిస్తే ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. సర్వేశ్వరరావు మేష్టారు కళ్లజోడు తీసి కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ గోలలో రెండో పేరు సోని అని చదివినట్టు కృపావతికి ఒక్కదానికే వినపడింది. పదోసారి షీల్డు మెట్టగుడకే వచ్చింది. అది టీవీ మీద ఉండిపోవడంతో మేష్టారు ఖాళీ చేతులతో ఫోటో దిగాడు.

బయటికొచ్చాక కృపావతికి లోపల బరువు దిగినట్టుగా ఉంది. షీల్డు పోయిందన్న బాధ కోసం ఓసారి వెతుక్కుంది, దొరకలేదు. అరిటాకు విప్పి తాతకి మరమరాలు పెట్టింది.

సోనికి మాత్రం చాలా పని పడింది. మెట్టగుడ పిల్లల్నీ, కొత్తవాళ్లనీ, ఐస్ అమ్మేవాణ్ణీ ఆపి ఆపి, తాత నా కాయితం సూసి రాసీసాడు అని చెప్పింది. దాని బతుకులో దాన్ని చూసి ఎవరైనా రాయడం అదే మొదలు. అందరికీ చెప్పడం పూర్తయ్యాక వచ్చి తాత ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆయన మరమరాలు నమలడం ఆపి, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

సోని ఆయన ఆకులోంచి గుప్పెడు మరమరాలు తీసుకుని, పక్కనే చేరి కూర్చుంది.

"మల్లీ ఏడు దొంగసాటుగా సూడకు తాతా. అడుగు. నానే సూపిత్తాను."